పదేళ్ల తర్వాత మళ్లీ చర్చి గుమ్మం ఎక్కాను: నేను ఎందుకు వెళ్లిపోయాను, ఎందుకు తిరిగొచ్చాను

 

ఈరోజు మాట్లాడబోయేది నా సొంత విషయం. ఇన్ని రోజులూ ఈ టాపిక్ మీద వీడియో చేద్దామా వద్దా అని చాలా ఆలోచించాను. చేస్తే మతం గురించి ప్రచారం చేస్తున్నాడు అంటారేమో, చేయకపోతే నాలాగే మధ్యలో ఆగిపోయినవాళ్లకి ఒక్క మాట కూడా చెప్పకుండా ఉండిపోయినట్టు అవుతుందేమో. చివరికి చెప్దామనే అనుకున్నాను. మిమ్మల్ని ఎవర్నీ ఎక్కడికీ రమ్మని పిలవడం లేదు. ఒక ఇంట్లోంచి కోపంగా బయటికెళ్లినవాడు మళ్లీ అదే ఇంటి తలుపు ఎలా తట్టాడు, తట్టినప్పుడు ఏం జరిగింది, అంతవరకే చెప్తాను.

ముందుగా ఒక మాట. ఇందులో ఒక ఆత్మహత్య ప్రస్తావన వస్తుంది. ఇప్పుడు మీ మనసు బాగాలేకపోతే ఈ వీడియో తర్వాత చూడండి, ఏం పర్లేదు. 14416 అని టెలి మానస్ నంబర్ ఉంది, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి. మీకోసం కాకపోయినా పక్కవాళ్ల కోసం పనికొస్తుంది.

సరే, మొదలుపెడతా.

మాది గుంటూరు వైపు ఒక పల్లెటూరు. మిర్చి ఊరు. మా ఇంట్లో నాలుగు తరాలుగా కతోలికులం. అంటే మా ఇంట్లో దేవుడు అంటే ఎవరో వచ్చి పరిచయం చేసిన మనిషి కాదు, పుట్టినప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. సాయంత్రం ఏడయ్యిందంటే మా నాయనమ్మ జపమాల తీసేది. టీవీ ఆపాల్సిందే. పరలోక జపం, మంగళవార్త జపం, మధ్యలో మేం పిల్లలం నిద్రతో తూగుతుంటే ఆమె మోచేత్తో ఒక పోటు. అక్టోబర్ నెలంతా వీధి వీధికీ జపమాల, మే నెలలో మరియమాత పాటలు, తపస్కాలంలో ప్రతి శుక్రవారం సిలువ మార్గం. క్రిస్మస్ రాత్రి పూజకి చలిలో దుప్పట్లు కప్పుకుని వెళ్లేవాళ్లం.

మేం దివ్యబలిపూజని మామూలుగా "పూజ" అనే అంటాం. పెళ్లైన కొత్తలో మా ఆవిడ ఆశ్చర్యపోయింది, "మీరు కూడా పూజ అంటారా!" అని. ఆమెది హిందూ కుటుంబం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా బలిపీఠం దగ్గర ఫాదర్ గారికి సాయం చేసే పిల్లల్లో ఒకణ్ని. గంట కొట్టడం నా పని. సాంబ్రాణి పట్టుకునే పని మా బాబాయి కొడుకుది. ఆ గంట ఎప్పుడు కొట్టాలో నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఇక మా బాబాయి. నాన్నకి తమ్ముడు. కౌలుకి చేసేవాడు. సొంతం ఎకరమే, మిగతాదంతా కౌలు. నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని స్కూలుకి దింపింది ఆయనే. నాకు ఇంజనీరింగ్ సీటు వస్తే ఊరంతా మిఠాయి పంచింది ఆయనే. అప్పటికి ఆయన మీద ఎంత అప్పుందో మాకెవ్వరికీ తెలీదు. కౌలు రైతుకి బ్యాంకులో లోను దొరకడం ఎంత కష్టమో మీలో పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. పురుగుమందుల కొట్లో బాకీ, ఎరువుల బాకీ, బయట వడ్డీ.

2012 ఏప్రిల్. నాకు బీటెక్ రెండో సంవత్సరం పరీక్షలు. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. బాబాయి లేడు. ఆయనే ప్రాణం తీసుకున్నాడు.

నేను హాస్టల్ నుంచి బస్సులో ఊరికి చేరేసరికి మధ్యాహ్నం అయ్యింది. ఇంటి ముందు జనం. నేను అనుకున్నాను, కాసేపట్లో చర్చికి తీసుకెళ్తారు, పూజ ఉంటుంది, తర్వాత సమాధుల తోట అని. మా ఊళ్లో ఎవరు పోయినా అంతే కదా. కానీ ఎవ్వరూ కదలడం లేదు. పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు ఫాదర్ గారి బంగ్లాకి వెళ్లి వచ్చారు. వచ్చి నాన్నతో చెవిలో ఏదో చెప్పారు. నాన్న తల దించుకున్నాడు.

చర్చిలోకి తీసుకెళ్లడానికి కుదరదన్నారు. "అలా పోయినవాళ్లకి" కుదరదట. అది ఫాదర్ గారి మాటా, పెద్దమనుషులు కలిపిన మాటా, ఈ రోజుకీ నాకు పూర్తిగా తెలీదు. గంట కొట్టలేదు. పూజ లేదు. ఉపదేశి గారొచ్చి సమాధి దగ్గర చిన్న ప్రార్థన చెప్పారు, ఐదు నిమిషాలు. సమాధి కూడా ఒక మూలకి, గోడ పక్కన.

ఆరేళ్లు గంట కొట్టినవాణ్ని నేను. ఎవరెవరి చావుకో కొట్టాను. మా బాబాయికి కొట్టలేదు.

ఆ రోజు రాత్రి నాయనమ్మ జపమాల తీసింది. నేను లేచి బయటికి వెళ్లిపోయాను. అదే మొదలు.

తర్వాత నేనేం పెద్ద గొడవలు చేయలేదు. నాస్తికుణ్ని అని చెప్పుకుని తిరగలేదు. ఊరికే మానేశాను. హైదరాబాద్ వచ్చాను. అమీర్‌పేటలో కోర్సులు, తర్వాత ఉద్యోగం. ఆదివారం అంటే నిద్ర, బిర్యానీ, బట్టలు ఉతుక్కోవడం. అమ్మ ఫోన్ చేసి "పూజకి వెళ్లావా నాయనా" అంటే "వెళ్లానమ్మా" అని అబద్ధం. రెండేళ్లకి ఆమె అడగడం మానేసింది. ఆమె అడగడం మానేసిన రోజు నాకు హాయిగా అనిపించింది అనుకున్నాను. నిజానికి కొంచెం బాధేసింది.

2019లో పెళ్లి. ప్రేమ పెళ్లి. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇచ్చి, 30 రోజులు ఆగి, సంతకాలు పెట్టాం. చర్చిలో చేసుకుందామా అని మా ఆవిడే అడిగింది. "అవసరం లేదు" అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఈ పదేళ్లలో "నువ్వు చర్చికెందుకు వెళ్లవు" అని ఎవరు అడిగినా నా దగ్గర సమాధానం రెడీగా ఉండేది. మా బాబాయి కథ చెప్పేవాణ్ని. వినగానే అందరూ "కరెక్టే బ్రో, నేనైనా అదే చేసేవాణ్ని" అనేవాళ్లు. ఎప్పుడూ గెలిచేవాణ్ని. కానీ ఆ కథలో ఒక ముక్క నేను ఎవరికీ చెప్పలేదు. అది చివర్లో చెప్తాను.

2021 నవంబర్ 2. కతోలికులకి అది మృతుల కోసం ప్రార్థించే రోజు. మా వైపు సమాధుల పండుగ అంటారు. సమాధులకి సున్నం వేస్తారు, పూలు పెడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సంవత్సరం నేను ఊళ్లోనే ఉన్నాను, కరోనా వల్ల ఇంటి నుంచే పని కదా. నాన్నకి ఒంట్లో బాగాలేదు. నాయనమ్మ అంది, "నాయనా, నన్ను బండి మీద దింపు చాలు, నువ్వు లోపలికి రావద్దులే." నన్ను బలవంతం చేయకూడదని ఆమెకి తెలుసు.

దింపాను. ఆమెకి అప్పటికి ఎనభై దాటాయి. ఒక చేత్తో చేతికర్ర, ఇంకో చేత్తో పూల సంచి. సరే అని సంచి పట్టుకుని లోపలికి వెళ్లాను. ఆమె తాతయ్య సమాధి దగ్గర ఆగలేదు. నేరుగా గోడ పక్కకి నడిచింది. బాబాయి సమాధి. సున్నం వేసి ఉంది. పేరు రాసి ఉంది. గడ్డి పీకి శుభ్రంగా ఉంది. నేను తొమ్మిదేళ్లుగా అక్కడికి వెళ్లలేదు. నేను ఎవరి కోసం చర్చి వదిలేశానని అందరికీ చెప్పుకున్నానో, ఆ మనిషి సమాధి మీద ఒక్కసారి కూడా పువ్వు పెట్టలేదు.

కాసేపటికి ఫాదర్ గారు వచ్చారు. కొత్తాయన, పాతవాళ్లు బదిలీ అయిపోయారు. ఒక్కో సమాధి మీద తీర్థజలం చల్లుకుంటూ వస్తున్నారు. నాయనమ్మ కొంగుముడి విప్పి ఒక చీటీ, మడత పెట్టిన నోటు తీసింది. ఫాదర్ గారు చీటీ చూసి, "మీ చిన్నబ్బాయి పేరే కదమ్మా, పోయిన సంవత్సరం కూడా ఇచ్చారు" అన్నారు. ఆయన సమాధి మీద తీర్థజలం చల్లి, బాబాయి పేరు పెట్టి, గట్టిగా, అందరికీ వినపడేలా ప్రార్థన చేశారు.

దారిలో అడిగాను, "నాయనమ్మా, ఎన్నేళ్ల నుంచి పూజ చెప్పిస్తున్నావు?" అని.

"వాడు పోయిన ఏడు నుంచీ."

"ఆ ఫాదర్ గారు ఉన్నప్పుడు కూడానా?"

"ఆయన ఉన్నన్నాళ్లూ ఇక్కడ అడగలేదు. గుణదల పోయి చెప్పించా."

విజయవాడ గుణదల కొండ మీ అందరికీ తెలిసే ఉంటుంది. 1924లో మరియమాత ప్రతిమ పెట్టిన చోటు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో పండుగ జరుగుతుంది, లక్షల మంది వస్తారు. కతోలికులే కాదు, అన్ని మతాలవాళ్లూ వచ్చి కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. ప్రతి ఫిబ్రవరిలో నాయనమ్మ అక్కడికి వెళ్తుంటే మొక్కు అనుకున్నాం. ఆమె బాబాయి పేరు మీద పూజ చెప్పించడానికి వెళ్తోంది.

నేను అడిగాను, "నీకు కోపం రాలేదా?"

ఆమె అన్న మాట: "కోపం ఎందుకు రాలేదూ. వచ్చింది. నేను కూడా పోతే వాడి పేరు ఎవరు చెప్తారు?"

అంతే. ఆమె పెద్దగా వేదాంతం ఏం చెప్పలేదు. సంతకం పెట్టడం కూడా రాదు ఆమెకి.

నేను ఆ రోజే మారిపోయాను అని చెప్తే అబద్ధం. హైదరాబాద్ వచ్చేశాను. నాలుగు నెలలు ఏం చేయలేదు. ఆమె మాట మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. నేను కోపంతో వెళ్లిపోయాను, ఆమె అదే కోపంతో ఉండిపోయింది. బాబాయికి ఎవరి వల్ల మేలు జరిగింది?

2022 మార్చి 2, విభూది బుధవారం. ఆఫీసు నుంచి వస్తూ సికింద్రాబాద్‌లో ఒక చర్చి ముందు ఆగాను. లోపలికి వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. నుదుటి మీద విభూది పెట్టించుకోవడానికి అందరూ లైన్లో వెళ్తున్నారు. నేను లేవలేదు. కానీ పాట మొదలవగానే నోరు దానంతటదే కలిసింది.

రెండు వారాల తర్వాత పాపసంకీర్తనం చెప్పుకుందామని వెళ్లాను. కతోలికులు కానివాళ్లకి చెప్తాను, మా పాపాల్ని గురువు దగ్గర నోటితో చెప్పి క్షమాపణ పొందడాన్ని పాపసంకీర్తనం అంటాం. లైన్లో నిలబడితే చేతులు చెమటలు. మనస్తాప జపం గుర్తు రావడం లేదు. ఫోన్లో వెతుకుతున్నాను, నిజంగా.

నా వంతు వచ్చింది. మోకరించి మొదలుపెట్టాను. "ఫాదర్, పదేళ్లయింది" అన్నాను. అని, ఇక ఆపకుండా బాబాయి విషయం చెప్పాను. మీవాళ్లు ఇలా చేశారు, గంట కొట్టలేదు, గోడ పక్కన పెట్టారు, అని. గొంతు పెద్దదైంది, బయట లైన్లో ఉన్నవాళ్లకి వినపడే ఉంటుంది.

ఆయన అంతా విన్నారు. తర్వాత మెల్లగా, "బాబూ, ఇప్పుడు మీరు చెప్పింది మీ పాపం కాదు, మీకు తగిలిన దెబ్బ. దాని గురించి బయట నా గదిలో మాట్లాడుకుందాం. పెళ్లయిందా?" అన్నారు. అయిందన్నాను, రిజిస్టర్ పెళ్లని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ముందు ఆ పెళ్లి సంగతి సరిచేసుకోవాలి, అప్పుడు పాపవిమోచనం. ఈరోజు దీవెన ఇస్తాను. పూజ అయ్యాక వెళ్లిపోకుండా ఆగండి" అన్నారు.

ఫ్రెండ్స్, నా పరిస్థితి ఆలోచించండి. పదేళ్ల తర్వాత తలుపు తడితే "ముందు కాగితాలు తీసుకురా" అన్నట్టు వినిపించింది నాకు. తప్పిపోయిన కుమారుడి కథ మీకు తెలుసు కదా, లూకా సువార్త 15వ అధ్యాయం. తండ్రి పరిగెత్తుకుంటూ ఎదురొస్తాడు. నాకేమో ఎదురొచ్చింది అప్లికేషన్ ఫారం! బైక్ తాళం చేతిలోకి తీసుకున్నాను. వెళ్లిపోయేవాణ్నే. వెళ్లిపోతే ఈసారి చెప్పుకోవడానికి రెండో కథ కూడా దొరికేది. ఆ ఆలోచన రాగానే నా మీద నాకే చిరాకేసింది. ఆగాను.

ఆయన గదిలో టీ ఇప్పించారు. అల్మారాలోంచి ఒక లావు పుస్తకం తీశారు. అప్పుడు ఆయన చెప్పింది నేను తర్వాత సొంతంగా కూడా చదివి చూసుకున్నాను, అందుకే మీకు ధైర్యంగా చెప్తున్నాను.

కతోలిక శ్రీసభకి ఒక చట్టం ఉంటుంది. 1917 నాటి పాత చట్టంలో, తెలిసి కావాలని ప్రాణం తీసుకున్నవాళ్లకి చర్చి అంత్యక్రియలు ఇవ్వకూడదని నిజంగానే ఉండేది. 1983లో కొత్త చట్టం వచ్చింది. అంత్యక్రియలు ఎవరికి నిరాకరించవచ్చో చెప్పే 1184వ నియమంలో ఆత్మహత్య మాటే లేదు. తీసేశారు. 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథం ఇంకా స్పష్టంగా చెప్తుంది. 2282, 2283 పేరాలు చూడండి. ప్రాణం తీసుకోవడం తప్పే అంటుంది. కానీ తీవ్రమైన మానసిక వేదన, భయం ఆ మనిషి బాధ్యతని తగ్గిస్తాయని అంటుంది. వాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోకూడదని, దేవుడికి మాత్రమే తెలిసిన దారులు ఉంటాయని, శ్రీసభ వాళ్ల కోసం ప్రార్థిస్తుందని చెప్తుంది.

లెక్క వేసుకున్నాను. చట్టం మారింది 1983లో. బాబాయి పోయింది 2012లో. 29 ఏళ్లు. చట్టం మారినా మా ఊరి అలవాటు మారలేదు. పై నుంచి కింద దాకా ఆ మాట చేరలేదు, లేదా చేరినా పట్టించుకోలేదు.

నేను అడిగాను, "అయితే మాకు జరిగింది తప్పేనా ఫాదర్?"

"తప్పే" అన్నారు. ఏదో సాకు చెప్తారనుకున్నాను. చెప్పలేదు. "ఆ రోజు అక్కడ లేని మనిషిని నేను. అయినా శ్రీసభ తరఫున మీకు క్షమాపణ చెప్తున్నాను" అన్నారు. పదేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నానని అది విన్నాకే తెలిసింది.

ఇక పెళ్లి సంగతి. ఇది చాలామందికి పనికొస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. కతోలికులు చర్చి అనుమతి లేకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే, ప్రభుత్వం దృష్టిలో అది పక్కా పెళ్లే, కానీ చర్చి దృష్టిలో అది చెల్లదు. దాన్ని సరిచేసుకోవచ్చు. జీవిత భాగస్వామి మతం మారాల్సిన అవసరం లేదు. బిషప్ గారి నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. కతోలికుడు ఒక మాట ఇవ్వాలి, నా విశ్వాసాన్ని నిలుపుకుంటాను, పిల్లల్ని ఈ విశ్వాసంలో పెంచడానికి నా చేతనైనంత చేస్తాను అని. రెండోవాళ్లు ఏ ప్రమాణమూ చేయక్కర్లేదు, ఈ మాట ఇచ్చినట్టు వాళ్లకి తెలిసి ఉండాలి, అంతే.

ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. భయపడుతూనే చెప్పాను. ఆమె విని, "అంటే నేను దేవుడి గదిలో దీపం పెట్టుకోవచ్చా?" అంది. పెట్టుకోవచ్చు అన్నాను. "అయితే నాకేం ఇబ్బంది లేదు. కానీ పెళ్లికి ముందే ఇది నాతో మాట్లాడి ఉండాల్సింది. పిల్లల గురించి మాట ఇస్తున్నావు, ఆ పిల్లలు నాకు కూడా పిల్లలే" అంది. ఆమె చెప్పింది నిజం. ఆ మాట మీద మేం రెండు నెలలు మాట్లాడుకున్నాం, రెండుసార్లు గొడవ కూడా పడ్డాం. తొందరపెట్టొద్దని ఫాదర్ గారే చెప్పారు. ఆ రెండు నెలలూ నేను పూజకి వెళ్తూ, సత్ప్రసాదం తీసుకోకుండా బెంచీలోనే కూర్చున్నాను. అందరూ లేచి వెళ్తుంటే ఒక్కణ్ని కూర్చోవడం మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత చూస్తే, నాలా కూర్చునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

జ్ఞానస్నాన పత్రం కావాలంటే సొంత ఊరి విచారణకే వెళ్లాలి. వెళ్లాను. నాయనమ్మ చీటీ తీసుకున్న ఆ ఫాదర్ గారే రిజిస్టర్ తీసి రాసిచ్చారు.

2022 జూలైలో, పది మంది కూడా లేని చిన్న పూజలో, మా పెళ్లి చర్చిలో సరిచేశారు. దానికి ముందు రోజు సాయంత్రం మళ్లీ పాపసంకీర్తనానికి వెళ్లాను. ఈసారి ఎవరి గురించీ ఫిర్యాదు లేదు.

ఇందాక చెప్తానన్న ముక్క ఇదే.

బాబాయి పోవడానికి నాలుగు రోజుల ముందు నాకు ఫోన్ చేశాడు. రాత్రి తొమ్మిదింటికి. నేను స్నేహితులతో ఉన్నాను. పేరు చూసి కట్ చేశాను. డబ్బులు ఏమైనా అడుగుతాడేమో అనుకున్నాను. మళ్లీ చేయలేదు. పరీక్షలయ్యాక చేద్దాంలే అనుకున్నాను.

పదేళ్లు నేను చర్చి మీద కోపంగా ఉన్నాను. ఆ కోపం న్యాయమైనదే. కానీ దాని వెనకాల ఇది దాక్కుని ఉంది. వాళ్లు గంట కొట్టలేదు అని అరిచినంతసేపూ, నేను ఫోన్ ఎత్తలేదు అనే మాట నాకు వినపడలేదు.

అది చెప్పినప్పుడు ఏడ్చాను. ఫాదర్ గారు ఆగారు. తర్వాత అన్నారు, "ఆ ఫోన్ ఎత్తి ఉంటే బతికేవాడని మీరు అనుకుంటున్నారు. అది మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక మనిషి అలా పోవడానికి ఒక్క కారణం ఉండదు, ఒక్కరు కారణం కారు. ఫోన్ కట్ చేయడం ప్రేమ తక్కువైన పని, అంతవరకే దాన్ని ఇక్కడ పెట్టండి. ఆయన చావుని మాత్రం మీ నెత్తిన పెట్టుకోకండి, అది మీది కాదు." గురువులు పాపసంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా బయట చెప్పకూడదు. కానీ నాకు చెప్పిన మాట నేను చెప్పుకోవచ్చు, అందుకే చెప్తున్నా.

ప్రాయశ్చిత్తంగా పెద్ద జపాలేమీ ఇవ్వలేదు. "మీ పిన్నిని చివరిసారి ఎప్పుడు కలిశారు?" అని అడిగారు. గుర్తు లేదన్నాను. "వెళ్లి కలవండి. అదే" అన్నారు.

వెళ్లాను. ఇక్కడ సినిమాలోలా అంతా బాగైపోయింది అని చెప్పను. పిన్ని భోజనం పెట్టింది. అన్నీ విన్నది. ఆ చట్టం గురించి చెప్పాను, పుస్తకంలో ఉన్నది ఫోన్లో ఫొటో తీసి చూపించాను. ఆమె ఫొటో వంక చూసి అంది, "పుస్తకంలో ఉంటే మంచిదే రా. ఆ వారం రోజులూ మా ఇంటికి ఎవరొచ్చి కూర్చున్నారో తెలుసా? పక్క వీధి పాస్టర్ గారు, ఆయన భార్య. మనవాళ్లు ఒక్కరూ రాలేదు. నేనిప్పుడు వాళ్ల సంఘానికే పోతున్నా. నీకు సమాధానం దొరికింది, సంతోషం. నాకు అక్కడ దొరికింది."

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. ఆమెని వెనక్కి రమ్మని అడిగే హక్కు నాకుందని అనుకోను. మా తమ్ముడు, ఒకప్పుడు సాంబ్రాణి పట్టుకున్నవాడు, వాడు ఎక్కడికీ వెళ్లడు. నెలకోసారి ఫోన్ చేస్తాను. వాడు చేసినప్పుడు మాత్రం, మీటింగ్‌లో ఉన్నా సరే, బయటికొచ్చి ఎత్తుతాను.

సరే. నాలాగా బయట నిలబడి ఆలోచిస్తున్నవాళ్లకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఎన్నేళ్లు దూరంగా ఉన్నా మీ జ్ఞానస్నానం రద్దవ్వదు. మళ్లీ తీసుకోవాల్సిన పని లేదు. మధ్యలో వేరే సంఘానికి వెళ్లి వచ్చినా సరే, దాచకుండా ఫాదర్ గారితో చెప్పండి చాలు.

రెండు. జపాలు మర్చిపోయామని ఆగిపోకండి. "ఫాదర్, ఎన్నో ఏళ్లయింది, ఎలా చెప్పాలో తెలీదు" అనండి. మిగతాది వాళ్లే నడిపిస్తారు. పెళ్లి సంగతో ఇంకోటో అడ్డం ఉంటే, అది సరయ్యేదాకా పూజకి వెళ్లడం మానక్కర్లేదు. సత్ప్రసాదం తీసుకోలేకపోయినా పూజలో ఉండొచ్చు.

మూడు. చర్చిలో మీకు అన్యాయం జరిగి ఉంటే, తిరిగి రావడం అంటే దాన్ని మర్చిపోవడం కాదు. నోరు మూసుకోవడం అంతకన్నా కాదు. ఎవరైనా మీ మీద చెయ్యి వేసి ఉంటే, వేధించి ఉంటే, అది పోలీసులకి చెప్పాల్సిన విషయం, బిషప్ గారి దాకా తీసుకెళ్లాల్సిన విషయం. క్షమించడం వేరు, కప్పిపుచ్చడం వేరు.

నాలుగు. మీ కోపం కింద ఇంకేమైనా ఉందేమో ఒక్కసారి చూసుకోండి. ఉండకపోవచ్చు. నాకైతే ఉంది.

2024 ఫిబ్రవరిలో గుణదల వెళ్లాం, నాయనమ్మ, నేను, మా ఆవిడ. ఆ ప్రతిమ పెట్టి నూరేళ్లయిన సంవత్సరం. కొబ్బరికాయలు, తలనీలాలు చూసి మా ఆవిడ "ఇదంతా మా గుడిలాగే ఉందే" అని నవ్వింది. నాయనమ్మ కొండ ఎక్కలేకపోయింది, కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కొంగుముడి విప్పి చీటీ నా చేతికిచ్చింది. "నువ్వు పోయి చెప్పించు నాయనా, నాకు కాళ్లు లాగుతున్నాయి" అంది. లైన్లో నిలబడి బాబాయి పేరు నేనే రాయించాను.

ఈ ఏడు కూడా రాయించాను. అదీ నా కథ.

మీలో ఎవరికైనా చాలాకాలంగా ఫోన్ చేయని మనిషి ఉంటే, ఈ వీడియో అయిపోగానే ఒకసారి చేయండి. ఉంటాను మరి. నమస్కారం.